పురుగుమందు లెక్క కంప్యూటరుకెక్కితే బిల్లు ఎవరి పేరున?

సింధనూరు, మాన్వి, గంగావతి, సిరుగుప్ప వైపు క్యాంపుల్లోని మన కుటుంబాలకు ఎరువుల దుకాణంలో వేలిముద్ర కొత్త కాదు. 2018 నుంచి దేశమంతా యూరియా బస్తా కొనాలంటే ఆధార్ నంబరు, యంత్రం మీద వేలు. అదే దుకాణంలో వెనక బీరువాలోంచి పురుగుమందు సీసా తీసి ఇస్తే మాత్రం చాలాచోట్ల ఇంకా బిల్లు పుస్తకం, కార్బన్ కాగితమే. ఒక్కోసారి అదీ ఉండదు, తెల్ల చీటీ. పురుగుమందుల అమ్మకాలు కూడా కంప్యూటరులో నమోదు కావాలన్న మాట కొన్నేళ్లుగా వినిపిస్తోంది. దానివల్ల మనకు ఒరిగేదేమిటో, జాగ్రత్త పడవలసిందెక్కడో చెప్పుకుందాం.

లెక్క రాయాలన్న నియమం కొత్తది కాదు. 1958లో కేరళలో పారాథియాన్ అనే మందు ఓడలో గోధుమపిండితో కలిసి వచ్చి, ఆ పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. తర్వాత వచ్చినవే 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నియమాలు. లైసెన్సు ఉన్న దుకాణదారు అమ్మకానికి బిల్లు ఇవ్వాలి, రిజిస్టరు రాయాలి అని అందులోనే ఉంది.

రాయడం వేరు, ఎప్పుడు రాశారన్నది వేరు. ఉద్యోగమంతా రిజిస్టర్లతోనే గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: నెలంతా ఖాళీగా ఉన్న పుటలు తనిఖీ ముందురోజు రాత్రి ఒకే సిరాతో నిండిపోతాయి. కంప్యూటరులో అయితే నమోదు చేసిన తేదీ, గంట దానంతట అదే పడేలా పెట్టవచ్చు. ఇంకో లాభం బ్యాచ్ నంబరుది. ఒక బ్యాచ్ నకిలీదని పరీక్షలో తేలిందనుకోండి. ఆ సీసాలు ఎవరి ఇంటికి వెళ్లాయో పుస్తకాల్లో వెతికేలోపు మిరపకు, పత్తికి కొట్టేసి ఉంటారు. కంప్యూటరులో ఉంటే ఆ పూటే తెలుస్తుంది.

అసలు చిక్కు ఉద్దెర దగ్గర. మనవాళ్లు చాలామంది మందు కాతా మీద తెచ్చుకుంటారు. పంట అమ్మాక లెక్క చూసుకుంటారు. అప్పటిదాకా బిల్లు ఉండదు, షావుకారు నోటుబుక్కులో పద్దు ఉంటుంది. డబ్బు ఇవ్వలేదు కదా, బిల్లు ఎలా అడుగుతాం అని మొహమాటం. అమ్మకం వేరు, వసూలు వేరు. సరుకు చేతికిచ్చిన రోజే అమ్మకం జరిగినట్టు. ఆ రోజే బిల్లు పడితే ఆ రోజు ధర ఖాయమవుతుంది, తర్వాత కలిపిన వడ్డీ ఎంతో విడిగా కనబడుతుంది. కొందరు దుకాణదారులకు కంప్యూటరు గిట్టకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

రెండోది పేరు. కర్ణాటకలో రైతు గుర్తింపు సంఖ్య ఫ్రూట్స్ పద్ధతిలో వస్తుంది. అది పహణిలోని సర్వే నంబర్లకు ముడిపడి ఉంటుంది. రేపు మందు బిల్లు కూడా ఆ సంఖ్య మీదే పడితే, కౌలుకు చేసేవాడు కొన్న మందు భూమి యజమాని పేరున నమోదవుతుంది. మందు పనిచేయక పంట పోతే వినియోగదారుల కమిషన్‌లో బిల్లు చూపాల్సింది కౌలుదారు, బిల్లులో ఉండేది ఇంకొకరి పేరు. ఎరువుల యంత్రం కొనేవాడు ఎవరని చూస్తుంది. మందులకూ కొన్నవాడి పేరు, కొట్టే పొలం రెండూ విడివిడిగా రాసే గడి ఉండాలి. ఇది మన సంఘాలు ఇప్పుడే, పద్ధతి ఖాయం కాకముందే, వ్యవసాయ శాఖకు రాసి ఇవ్వాల్సిన సంగతి. ఇంటిపేరు ముందుండే మన పేర్లు కన్నడ పహణిలో ఎన్ని రూపాలెత్తాయో అందరికీ తెలుసు కదా.

అమ్మకం నమోదైనంత మాత్రాన వాడకం తెలియదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1990 నుంచి వ్యవసాయంలో ఏ మందు, ఎంత, ఏ పంటకు, ఎక్కడ, ఏ రోజు కొట్టారో నెలనెలా కౌంటీ అధికారికి తెలపాలి. మన దగ్గర చిన్న కమతాలు, కూలికి మందు కొట్టేవాళ్లు. అంత లెక్క వెంటనే సాధ్యమని నేను అనుకోను. కానీ అవసరం లేదనడానికి లేదు. 2017లో తెలంగాణ సరిహద్దున ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు విషమెక్కి చనిపోయారు. అలాంటప్పుడు డాక్టరుకు ముందు కావలసింది మందు పేరు. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్ ఇస్తారు, అన్ని విషాలకూ అదే మందు కాదు. రెండు మూడు మందులు కలిపి కొట్టే మన అలవాటులో కూలికి వచ్చినవాడికి ఆ పేర్లేవీ తెలియవు.

కంప్యూటరు వచ్చేదాకా ఉద్దెర సరుకుకైనా ఆ రోజే బిల్లు అడగండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, సేద్యం చేసేవారి పేరు అందులో ఉన్నాయో చూసుకోండి. కన్నడం చదవలేకపోతే పిల్లల చేత చదివించుకోండి. బిల్లునూ సీసా మీది లేబులునూ ఫోనులో ఫొటో తీసి, మందు కొట్టేవాళ్ల ఫోనుకు కూడా పంపండి.