వరస ఎక్కడ కుదురుతుంది?

1957లో వచ్చిన 'మాయాబజార్' చూసిన తెలుగువాళ్ళెవరికీ శశిరేఖాభిమన్యుల పెళ్ళి మీద అనుమానం రాలేదు. అతను సుభద్ర కొడుకు, ఆమె బలరాముడి కూతురు. బావామరదళ్ళు. ఇచ్చిన మాట పెద్దలు తప్పినందుకు ప్రేక్షకులకు కోపం వచ్చింది గానీ, అసలు వీళ్ళిద్దరికీ పెళ్ళేమిటని ఎవరూ అడగలేదు. నిజానికి వ్యాస భారతంలో శశిరేఖ ఊసే లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్ళాడేది ఉత్తరను. మేనమామ కూతురితో పెళ్ళికథ జనం తర్వాత అల్లుకున్నది.

ఇదే కథను హర్యానాలో ఏ జాట్ల పల్లెలోనో చెబితే విన్నవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. అక్కడ సంబంధం వెతికేటప్పుడు సొంత గోత్రంతో పాటు తల్లి గోత్రాన్నీ, నాయనమ్మ గోత్రాన్నీ వదిలేయాలి. మేనమామ కూతురిది తల్లి గోత్రమే. అంటే ఆమె చెల్లెలి కింద లెక్క. ఊళ్ళో పిల్లంటే ఊరికంతా ఆడపడుచు కాబట్టి సొంత ఊళ్ళోనూ సంబంధం కలుపుకోరు.

రక్తం లెక్క చూస్తే ఈ తేడా కనిపించదు. చిన్నాన్న కూతురైనా, పిన్ని కూతురైనా, మేనమామ కూతురైనా, మేనత్త కూతురైనా మనతో పంచుకునే జన్యువులు సగటున ఎనిమిదో వంతే. నలుగురూ సమాన దూరంలోనే ఉన్నా, ఒకచోట నలుగురూ కూడని వాళ్ళు, ఇంకోచోట నలుగురూ కూడిన వాళ్ళు, మనదగ్గర ఇద్దరు చెల్లెళ్ళు, ఇద్దరు మరదళ్ళు. ఆ గీత గీసింది ప్రకృతి కాదు. ఆయా సమాజాల ఆస్తిపాస్తులు, మతాలు, చట్టాలు వందల ఏళ్ళపాటు ఒకదాన్నొకటి సవరించుకుంటూ గీశాయి.

మన లెక్క చుట్టాలను రెండు పక్షాలుగా పంచుతుంది. నాన్న అన్నదమ్ములు మనకు నాన్నలే, అమ్మ అక్కచెల్లెళ్ళు మనకు అమ్మలే. కాబట్టి వాళ్ళ పిల్లలు తోబుట్టువులు. పిన్ని పిల్లల ఇంటిపేరు వేరైనా సరే, వాళ్ళ నాన్న మన నాన్న పక్షంలోనే నిలబడతాడు. మేనమామ, మేనత్త భర్త మాత్రం అవతలి పక్షం. వియ్యం అందాల్సింది వాళ్ళతోనే. చాలా కులాల్లో అక్క కూతురు తమ్ముడికి వరసయ్యేదీ ఈ లెక్క ప్రకారమే. చెవులు కుట్టేటప్పుడు పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెడతారు. పెద్దమనిషైతే మేనమామ ఇంటి నుంచి చీర వస్తుంది. పెళ్ళినాడు గంపలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకొచ్చేదీ మేనమామే. పిల్ల తన ఇంటికి కోడలిగా రాకపోయినా ఆ మర్యాదలు మాత్రం తప్పవు.

ఈ పద్ధతి బయటివాళ్ళను మొదటినుంచీ ఆశ్చర్యపరిచింది. అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో అచ్చేసిన గ్రంథంలో ప్రపంచంలోని ఎన్నో జాతుల చుట్టరికాలను పట్టికలు కట్టాడు. న్యూయార్క్ ప్రాంతపు మూలవాసులైన సెనెకాలు చిన్నాన్ననూ నాన్న అనే పిలుస్తారనీ, తమిళ, తెలుగు కుటుంబాల్లోనూ అదే తీరనీ గమనించి, అమెరికా మూలవాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే రుజువన్నాడు. ఆ రుజువు నిలబడలేదు. పైగా సెనెకాల్లో మేనరికం లేదు. చుట్టాలను ఒకేలా పంచుకున్న రెండు సమాజాలు పెళ్ళి దగ్గరికొచ్చేసరికి వేర్వేరు దారులు పట్టాయి.

మేనరికం మనదగ్గర ఎంత పాతదో చెప్పడానికి నాగార్జునకొండ శాసనాలున్నాయి. మూడో శతాబ్దంలో విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్ళను పెళ్ళాడాడు. రాణులు బాపిసిరి, ఛఠిసిరి అతని మేనత్త హమ్మసిరి కూతుళ్ళు. మరో మేనత్త చాంతిసిరి మహాచైత్యం కట్టించి, ఒక శాసనంలో ఆ రాజును తన అల్లుడని చెప్పుకుంది. అతని తండ్రి శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఇంట్లో ఆడవాళ్ళేమో బౌద్ధ స్తూపాలకు దానాలిచ్చినవాళ్ళు. ఒకే ఇంట్లో రెండు మతాలున్నా పెళ్ళి వరస మాత్రం ఒక్కటే.

అంతకు ముందే ధర్మశాస్త్రకారులకు ఈ సంగతి తెలుసు. బౌధాయన ధర్మసూత్రం దక్షిణాది ప్రత్యేకాచారాలుగా అయిదింటిని చెబుతుంది. భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం లాంటివాటి సరసనే మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్ళాడటమూ ఉంది. ఉత్తరాది వాళ్ళ లెక్కలో ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, ఆయుధాలతో బతకడం, సముద్రం మీద పోవడం వంటివి చేర్చింది. ఎక్కడి ఆచారం అక్కడ చెల్లుతుంది, అక్కడిది ఇక్కడ చేస్తే దోషమని దాని మాట. గౌతముడు దీనికి ఒప్పుకోడనీ అందులోనే ఉంది. అర్జునుడు సుభద్రను పెళ్ళాడటం కూడా పండితులకు తలనొప్పే అయింది. కుంతి వసుదేవుడి చెల్లెలు కాబట్టి సుభద్ర అతనికి మేనమామ కూతురు. మీమాంసకుడు కుమారిలభట్టు ఆమె కృష్ణుడికి సొంత చెల్లెలు కాదని వాదించి ఆ చిక్కు విప్పబోయాడు.

శాస్త్రం ఇంత తర్జనభర్జన పడుతుంటే పొలం గట్టు దగ్గర లెక్క తేలిగ్గా తేలింది. ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం, ఆవిడ కూతురు మేనమామ ఇంటి కోడలైతే మళ్ళీ పుట్టింటికే చేరుతుంది. మేనత్త కొడుకును చేసుకున్న పిల్లకైతే అత్తగారు చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన మేనత్తే. ఉత్తరాదిలో పిల్ల ముఖపరిచయం కూడా లేని ఊరికి కాపురానికి వెళ్ళాలి, పుట్టింటివాళ్ళు మాటిమాటికీ వచ్చిపోవడమూ మర్యాద కాదు. మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తేడాను వివరంగా చూపింది. దక్షిణాది స్త్రీకి కాస్త ఎక్కువ స్వతంత్రం ఉండటానికీ, ఇక్కడ జననాలు, పసిపిల్లల మరణాలు తక్కువగా ఉండటానికీ మూలం ఈ చుట్టరికపు పద్ధతిలో ఉందని 1983లో పరిశోధకులు టిమ్ డైసన్, మిక్ మూర్ వాదించారు. అయితే దగ్గరి చుట్టరికానికి ఇంకో ముఖమూ ఉంది. పిల్ల పుట్టగానే ఫలానా వాడి పెళ్ళామని పెద్దలు అనేసుకున్న ఇళ్ళలో ఆ పిల్ల ఇష్టాన్ని అడిగేవాళ్ళు ఉండరు.

అరబ్బు సమాజాల్లో గీత మనకు సరిగ్గా ఎదురు దిక్కున పడింది. అక్కడ అన్నిటికన్నా మేలైన సంబంధం తండ్రి సోదరుడి కూతురు, అంటే మనకు చెల్లెలయ్యే చిన్నాన్న కూతురు. ఇస్లాం ఆ పెళ్ళిని అనుమతించింది, కానీ ఆచారం అంతకంటే పాతది. కూతురికీ వాటా రావాల్సినచోట ఆస్తి వంశం దాటిపోకుండా అది కాపాడింది. ఇరాక్‌లోని కొన్ని తెగల్లో చిన్నాన్న కొడుకు అడ్డు చెబితే పిల్లకు బయటి సంబంధం చేయడానికి వీల్లేని కట్టుబాటు ఉండేది.

ఐరోపాలో గీత గీసింది చర్చి. మధ్యయుగాల్లో ఏడు తరాల దాకా చుట్టరికం ఉంటే పెళ్ళి కూడదంది. అది ఆచరణలో సాగక 1215లో లాటరన్ మహాసభలో నాలుగు తరాలకు తగ్గించింది. పెద్దవాళ్ళకు ఈ నిషేధం విడాకుల దారిగానూ పనికొచ్చింది. ఫ్రాన్సు రాజు ఏడో లూయీ, ఎలియనోర్ రాణి దూరపు చుట్టాలమని చెప్పి 1152లో పెళ్ళి రద్దు చేయించుకున్నారు. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కొత్త పెళ్ళికి అడ్డు లేకుండా 1540లో పినతల్లి, పినతండ్రి, మేనమామ, మేనత్త పిల్లలతో వివాహాలను చట్టబద్ధం చేశాడు. అందుకే చార్లెస్ డార్విన్ 1839లో మేనమామ కూతురు ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్ళాడగలిగాడు. మన లెక్కలో అచ్చమైన మేనరికం. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. దగ్గరి సంబంధమే కారణమేమోనన్న బెంగతో 1871 జనగణనలో ఇలాంటి పెళ్ళిళ్ళ వివరాలు అడగాలని డార్విన్ ప్రయత్నించాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు.

కొరియా మరీ దూరం వెళ్ళింది. కన్ఫ్యూషియస్ సంప్రదాయం ప్రకారం ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవాళ్ళు ఎన్ని తరాలు గడిచినా పెళ్ళాడకూడదు. గిమ్‌హే ఊరిని మూలంగా చెప్పుకునే కిమ్‌లే నలభై లక్షలకు పైగా ఉంటారు. కాలేజీలోనో ఆఫీసులోనో ప్రేమించుకున్న ఇద్దరు ఆ నలభై లక్షల్లోవాళ్ళే అయితే ప్రభుత్వం పెళ్ళి నమోదు చేసేది కాదు. అలా చిక్కుకున్న జంటల కోసం 1978లో, 1988లో, 1996లో ఏడాదేసి పాటు ప్రత్యేక సడలింపు ఇచ్చారు. చివరికి 1997లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని తప్పుపట్టింది, 2005లో చట్టం మారింది. ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళాడకూడదన్న నియమం తెలుగువాళ్ళకూ తెలిసిందే గానీ, ఇక్కడ దాన్ని కాపాడింది కులపెద్దలు, చుట్టాలే తప్ప పెళ్ళిళ్ళ రిజిస్ట్రారు కాదు.

స్వతంత్ర భారతంలో ఈ గీతలన్నీ ఒకే చట్టంలోకి రావాల్సి వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ళ పిల్లల మధ్య, మేనమామ మేనకోడళ్ళ మధ్య పెళ్ళిని నిషేధించింది. వెంటనే, ఇరువైపులా ఆచారం అనుమతిస్తే తప్ప, అని ఒక మినహాయింపు పెట్టింది. దక్షిణాదిలో లక్షల పెళ్ళిళ్ళు నిలిచింది ఆ మినహాయింపు మీదే. క్రైస్తవం తీసుకున్న తెలుగువాళ్ళలోనూ మేనరికం పోలేదు. కాథలిక్కులైతే అందుకు బిషప్పు దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి.

ఇప్పుడు ఈ చర్చలోకి వైద్యులు వచ్చారు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో వేలమంది పిల్లలను పరిశీలించిన అధ్యయనం 2013లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు మామూలుగా నూటికి మూడైతే, ఇలా దగ్గరి చుట్టాలైన దంపతుల పిల్లల్లో ఆరు దాకా ఉందని తేలింది. అక్క కూతురితో పెళ్ళయితే ఇద్దరి మధ్య జన్యువుల పంపకం పావు వంతు కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ. అయితే చుట్టరికం లేనంత మాత్రాన ముప్పు పోయినట్టు కాదు. శతాబ్దాలుగా కులం లోపలే పెళ్ళిళ్ళు జరగడం వల్ల కొన్ని జన్యుదోషాలు కొన్ని కులాల్లో పేరుకున్నాయని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి పరిశోధన చూపింది. మేనరికం మానిన ఇళ్ళు కూడా కులం గీత దాటడానికి ఇంకా తటపటాయిస్తూనే ఉన్నాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో నాలుగో వంతుకు కాస్త పైగా చుట్టాలనే చేసుకున్నారు. తెలంగాణలో ఆ వాటా అంతకంటే తక్కువ. దేశం మొత్తం మీద పదో వంతుకు అటూఇటూగా ఉంది. చదువులు, ఉద్యోగాలు, డాక్టర్ల హెచ్చరికలు ఈ పెళ్ళిళ్ళను తగ్గిస్తున్నాయి. వాటికి తోడు ఇంకో కారణం చప్పుడు లేకుండా పనిచేస్తోంది. అదే సర్వేలో సగటున ఒక స్త్రీ కనే పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఒక్క బిడ్డతో ఆపేసిన ఇద్దరి పిల్లలు పెళ్ళాడితే, వాళ్ళకు పుట్టేవాళ్ళకు మేనమామా ఉండడు, మేనత్తా ఉండదు. వరస కుదురుతుందా లేదా అన్న ప్రశ్నే ఆ ఇంట్లో రాదు. గంప మోయడానికి అమ్మ పెదనాన్న కొడుకునో, పిన్ని కొడుకునో పిలుస్తారు.