మధ్యాహ్నపు తీరికలో ఓ హత్య, ఓ సినిమా, ఓ బొమ్మ

పండగ దగ్గరపడుతోందంటే మనకి ముందు గుర్తొచ్చేది అటక. బూజు దులపాలి, ఇత్తడి సామాను దింపాలి, పాత పుస్తకాల కట్టలు పాత పేపర్లవాడికి వేసెయ్యాలి. ఆ కట్టల్లో ఏముందో విప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది? వాడు త్రాసు ఎత్తుతాడు, ‘రెండు కిలోలమ్మా’ అంటాడు. ‘సరిగ్గా తూచు నాయనా’ అని మనం అంటాం. బేరం అయిపోతుంది. పట్టుచీర మడతలో జరీ విరిగితే ప్రాణం ఉసూరుమంటుంది గానీ, ఆ రెండు కిలోల్లో ఏం పోయిందో మాత్రం మనం అడగం.

ఈసారి ఒక్క కట్ట విప్పి చూడండి. అట్ట చిరిగిన డిటెక్టివ్ నవల ఉండొచ్చు. మీ అత్తగారు ఎప్పుడో నేల టిక్కెట్టుకి వెళ్లి చూసొచ్చిన సినిమా పాటల పుస్తకం ఉండొచ్చు. ఏ దీపావళి సంచికలోనో రంగుల బొమ్మ ఉండొచ్చు. ఇవన్నీ చవగ్గా దొరికాయి గనక చవకబారువని అనుకున్నాం. అక్కడే వచ్చింది తంటా. వాటి వెనక ఎంతెంతవాళ్ల చేతులున్నాయో తెలిస్తే ఆ కట్టని మళ్లీ అలా కట్టలేరు మీరు!

వంటింట్లోని డిటెక్టివ్

ముందు హత్యల సంగతి చూద్దాం. తెలుగువాళ్లకి అపరాధ పరిశోధన నవలల పిచ్చి నిన్నమొన్నటిది కాదు. పాంచ్‌కడీ దేవ్ బెంగాలీలో రాసిన నవలలు తెలుగులోకి వచ్చినప్పుడే మన తాతమ్మల కాలంవాళ్లు దీపం బుడ్డి దగ్గర పెట్టుకుని చదివారు. తర్వాత కొమ్మూరి సాంబశివరావు వచ్చారు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, కాత్యా, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఒకప్పుడు ఇంటింటి చుట్టాలే. అద్దె లైబ్రరీ నుంచి రోజుకి ఇంతని తెచ్చుకోవడం, క్లాసు పుస్తకంలో దాచి చదవడం, పెద్దవాళ్లు చూస్తే చీవాట్లు తినడం, ఆ పుస్తకాన్నే మధ్యాహ్నం పెద్దవాళ్లు తలగడ కింద పెట్టుకోవడం... మీ ఇంట్లోనూ ఇదే కథ కదూ! టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ పేర్లు చెబితే ఇప్పటికీ కొందరు అమ్మమ్మల కళ్లు మెరుస్తాయి.

ఇక అసలు విశేషం వినండి. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్ర తెలుసు కదా? ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ అని సంపుటాలకి సంపుటాలు తవ్విపోసిన పరిశోధకుడు, సినిమాలకి అన్ని పాటలు రాసిన కవి. ఆయన డిటెక్టివ్ నవలలు కూడా రాశారు. ఒకదాని పేరు ‘పలకల వెండిగ్లాసు’, ఇంకొకటి ‘దేవుని ఎడమచెయ్యి’. వెండిగ్లాసు అనగానే మన బీరువాలో పుట్టింటివారు పెట్టిన సామాను గుర్తుకు రావడంలేదూ? పేరులోనే ఇంటి వాసన వేస్తోంది. ఏ కవి ఏ కాలంవాడో పాత గ్రంథాల్లో ఆనవాళ్లు పట్టి తేల్చే మనిషికి హంతకుణ్ణి పట్టడం ఓ లెక్కా? ఆయన కవిత్వం మీద చర్చలు జరిగినంతగా ఈ నవలల మీద జరగలేదు. ‘కాలక్షేపం బఠాణీలు’ అని పండితులు పక్కన పెట్టేశారు. బఠాణీలని చులకన చేయడం నాకు మాత్రం నచ్చదు సుమా! అవి సరిగ్గా వేయించడం ఎంత కష్టమో చేసేవాళ్లకే తెలుసు.

ఒకటి గమనించారా? ఇలాంటి నవల చదవడానికి ఇల్లాలికి ఉన్నంత అర్హత ఇంకెవరికీ లేదు. పాలగిన్నె మీద మూత కాస్త పక్కకి జరిగి ఉంటే పిల్లి వచ్చిందో పిల్లాడు వచ్చాడో మీరు చెప్పెయ్యగలరు. పంచదార డబ్బా ఒక అంగుళం అవతల ఉంటే ఎవరి పనో తెలుసు. చాకలిపద్దు చూసి ఎవరు ఏ రోజు ఎక్కడికి వెళ్లొచ్చారో లెక్క కట్టగలరు. నవలలో డిటెక్టివ్ చేసేది అదే, పైప్ ఒకటి నోట్లో అదనం.

చదివేటప్పుడు చిన్న పద్ధతి పెట్టుకోండి. మొదటి నాలుగు అధ్యాయాల్లో వచ్చిన మనుషుల పేర్లు ఓ కాగితం మీద రాసుకోండి. ముప్పాతిక పుస్తకం అయ్యాక ఆపండి. కష్టమే, అయినా ఆపండి. హంతకుడెవరో, ఎందుకు చంపాడో రాసి, కాగితం మడిచి పోపులడబ్బా కింద పెట్టి, అప్పుడు చివరి పేజీలు చదవండి. ఇంట్లో ఇంకొకరు కూడా చదువుతుంటే పందెం వేసుకోవచ్చు. ఓడినవాళ్లు సాయంత్రం కాఫీ కలపాలి. మీవారు ఓడితే రుచి సంగతి నేను హామీ ఇవ్వలేను. అన్నట్టు, హంతకుడు తెలిశాక రెండోసారి చదవడంలోనే అసలు మజా ఉంది. రచయిత ఆధారాన్ని మన కళ్లముందే పెట్టి, ఏ కబుర్ల మాటున దాచాడో అప్పుడు తెలుస్తుంది.

మల్లీశ్వరి నీడలో పాప

సినిమా దగ్గరకొస్తే, పాతవంటే మనం ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’, ‘మల్లీశ్వరి’ దగ్గరే ఆగిపోతాం. తప్పులేదు, అవి అంత గొప్పవి. కానీ ‘మల్లీశ్వరి’ (1951) తీసిన బి.ఎన్.రెడ్డి గారే తర్వాత ‘బంగారు పాప’ (1955) తీశారు. దాని పేరు ఎంతమంది తలుస్తున్నారు చెప్పండి?

ఆ కథకి మూలం ఇంగ్లండులో 1861లో వచ్చిన ‘సైలాస్ మార్నర్’ అనే నవల. రాసింది జార్జి ఇలియట్. మగపేరు చూసి మోసపోకండి, ఆవిడ అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్. ఆడవాళ్ల రాతల్ని తేలిగ్గా తీసేసే రోజులు గనక మగపేరు పెట్టుకుంది. ఆ నవలని మన నేలమీదికి దించింది పాలగుమ్మి పద్మరాజు గారు, ‘గాలివాన’ కథతో ప్రపంచ కథల పోటీలో బహుమతి తెచ్చిన ఆయన. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి. ఇంతమంది కలిసిన సినిమా మన జ్ఞాపకాల్లో వెనక బెంచీలో కూర్చుంది.

చేయని నేరం నెత్తిన పడి, లోకం మీద నమ్మకం పోయి, మొరటుగా మారిపోయిన కోటయ్య చేతికి దిక్కులేని పసిపిల్ల దొరుకుతుంది. పెంచుతాడు. ఆ పిల్ల పెద్దదయ్యాక కన్నతండ్రి వస్తాడు. కన్న ప్రేమా, పెంచిన ప్రేమా? ఏది గెలిచిందో నేను చెప్పను, చూసి తెలుసుకోండి. కోటయ్యగా వేసింది ఎస్.వి.రంగారావు. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు ఆయనే, 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడూ ఆయనే. ఆ రెండు గద్దింపుల మధ్య, ఓ పసిదాని ముందు మెత్తబడిపోయే మనిషిగా ఆయన్ని చూడటం ఎంత బావుంటుందో! జగ్గయ్య, కృష్ణకుమారి, జమున కూడా ఉన్నారు.

ఇప్పుడు పాత సినిమాలు చాలావరకు సెల్‌ఫోన్లోనే దొరుకుతున్నాయి. అయితే కూర తరుగుతూ, మధ్యలో ఫోన్లు మాట్లాడుతూ చూస్తే నలుపు తెలుపు సినిమా చప్పగానే ఉంటుంది. గది తలుపు దగ్గరగా వేసి, వెలుతురు తగ్గించి చూడండి. రంగుల్లేవు గనక ముఖం మీద వెలుగు ఎటునుంచి పడుతోందో, ఏడుపు రాకముందే కన్ను ఎలా మారుతోందో తెలుస్తుంది. మొదట్లో నడక నెమ్మదిగా అనిపిస్తుంది. ఓ పావుగంట ఓర్చుకోండి, తర్వాత మీరే ఆ నడకలో పడతారు.

గోడమీది బొమ్మ

ఇదే బి.ఎన్.రెడ్డి గారి తమ్ముడు నాగిరెడ్డి గారు, మిత్రులు చక్రపాణి గారు కలిసి 1947లో ‘చందమామ’ మొదలెట్టారు. అక్కడికే వస్తున్నా. ఆ పత్రిక ముఖచిత్రాల మీద మూలగా ‘వపా’ అని సంతకం చూసే ఉంటారు. వడ్డాది పాపయ్య (1921-1992). శ్రీకాకుళంలో పుట్టి, అనకాపల్లి దగ్గర కశింకోటలో స్థిరపడ్డారు. చక్రపాణి గారి ‘యువ’ పత్రికకి ఆయన వేసిన తెలుగు ఆడవాళ్ల బొమ్మల్ని ఎన్నో ఇళ్లలో కత్తిరించి ఫ్రేము కట్టించుకున్నారు. బొమ్మల కొలువంటే పట్నాల్లో పెద్ద హాళ్లలో ఉంటుందనుకుంటాం. ఓ ఆర్టు గ్యాలరీ నెలనెలా తపాలాలో మనింటికే వచ్చిందన్నమాట!

అసలు బొమ్మల్ని ఎదురుగా చూడాలంటే రాజమండ్రి వెళ్లినప్పుడు పుష్కరాల రేవుతో సరిపెట్టుకోకుండా దామెర్ల రామారావు ఆర్టు గ్యాలరీకి కూడా వెళ్లండి. దామెర్ల 1897లో పుట్టారు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని ప్రతిభని గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకున్నారు. 1925లో మశూచికం సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. అంత తక్కువ వయసులో వదిలివెళ్లిన బొమ్మల్లో ‘పుష్పాలంకరణ’ ఒకటి. ఆయన భార్య సత్యవాణి, తోబుట్టువు బుద్ధవరపు కామేశ్వరి కూడా చిత్రకారిణులే. ఆ ఇంటి ఆడవాళ్ల పేర్లు మనం ఇంకా తక్కువ తలుస్తాం.

బొమ్మ ముందు నిలబడి ఏం చూడాలో తెలియదని బెంగ వద్దు. చీర అంచుకి జాకెట్టు రంగు కుదిరిందో లేదో దూరంనుంచే చెప్పే కన్ను మీది. ముగ్గులో ఓ చుక్క తప్పితే పట్టేసే కన్ను. ముందు దూరంగా నిలబడి మొత్తం చూడండి, తర్వాత దగ్గరకెళ్లి ఒక చెయ్యో, ఒక మడతో చూడండి. ఓ నాలుగు నిమిషాలు ఒక్క బొమ్మ దగ్గరే. హాలు మొత్తం చుట్టేసి కాళ్లు పీకించుకునేకంటే అదే నయం.

ఇక అటక మీంచి దింపిన పుస్తకాల మాట. ముతక కాగితం గనక ఎండలో ఆరబెట్టకండి, పెళుసెక్కి విరుగుతుంది. నీడన గాలికి పెట్టి, మెత్తని పాతగుడ్డతో దుమ్ము తుడిచి, బాగా ఎండిన వేపాకు పల్చని గుడ్డలో మూటకట్టి బీరువా మూల ఉంచండి. పచ్చి ఆకు పెడితే చెమ్మ చేరుతుంది. చిరిగిన అట్టకి సెల్లోటేపు అంటించారో, కొన్నేళ్లకి జిగురు పసుపుపచ్చగా మారి మచ్చ పడిపోతుంది. పల్చని కాగితం ముక్క, కాస్త మైదా జిగురు చాలు. ఫ్రేము కట్టిన బొమ్మ ఉంటే కిటికీకి ఎదురుగా వేలాడదీయకండి, ఎండ పొడకి రంగులు వెలిసిపోతాయి. పక్కింటావిడ చదువుతానంటే సంతోషంగా ఇవ్వండి గానీ, పేరూ తేదీ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. అరువిచ్చిన డిటెక్టివ్ నవల తిరిగి రాకపోతే, ఆ కేసు యుగంధర్ కూడా తేల్చలేడు.