కారు వెనుక చెవికి చెవుడు వస్తే

వెనుక గోడ లేదు, స్తంభం లేదు, మనిషి అలికిడి లేదు. అయినా రివర్సు గేరు పడిన మరుక్షణం నుంచి బజరు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. రెండు రోజులు ఓర్చుకున్న యజమాని మూడోనాడు దాని తీగ పీకేస్తాడు. మోత ఆగుతుంది, దానితోపాటు కారుకున్న ఒక రక్షణ కూడా పోతుంది. నిజానికి చాలా కార్లలో ఆ లోపాన్ని సరిచేయడం ఇంటి ముంగిట ఒక పూట పని.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కొత్త కార్లకు వెనుక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. బంపరులో దాదాపు రూపాయి బిళ్లంత గుండ్రంగా కనిపించే ఈ పరికరం చూసేది కాదు, వినేది. అందులోని చిన్న బిళ్ల విద్యుత్తు తగలగానే కంపించి, సెకనుకు సుమారు 40 వేల కంపనాల ధ్వనిని వెలువరిస్తుంది. 20 వేలు దాటితే మనిషి చెవికి వినిపించదు. ఆ ధ్వని అడ్డంకిని తాకి తిరిగి వచ్చి అదే బిళ్లను కదిపితే, మళ్ళీ విద్యుత్తు పుడుతుంది. ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే ఈ గుణాన్ని జాక్, పియేర్ క్యూరీ సోదరులు 1880లో స్ఫటికాలలో కనుగొన్నారు. గోడ ఒక మీటరు దూరంలో ఉంటే, ధ్వని వెళ్ళి రావడానికి పట్టే కాలం సెకనులో వెయ్యింట ఆరు వంతులు మాత్రమే. గబ్బిలం చీకటిలో దారి తెలుసుకునేదీ ఇలాగే.

సెన్సారు మొరాయిస్తే ముందుగా చేయవలసినది దాన్ని తడిగుడ్డతో తుడవడం. ఎండిన బురద, నీటిబొట్టు కూడా దానికి గోడలాగే తోస్తాయి. అయినా లోపం పోకపోతే చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను నడవకుండా తాళం మాత్రం తిప్పి, రివర్సు గేరు వేయాలి. ఒక్కొక్క సెన్సారు మీద వేలు ఆనిస్తే, పనిచేసేది సన్నగా టిక్కుటిక్కుమంటుంది. పాడైనది మౌనంగా ఉంటుంది.

అంతటితో కొత్తది కొనడానికి పరుగెత్తకూడదు. తాళం తీసేసి, అనుమానమున్న దానిని పక్కనున్న అదే రకం సెన్సారుతో స్థానం మార్చి చూడాలి. లోపం సెన్సారుతోపాటు కదిలితే దోషం దానిదే. ఉన్నచోటనే ఉండిపోతే తీగదో, కనెక్టరుదో. ఈ చిన్న పరీక్ష అనవసరపు ఖర్చును తప్పిస్తుంది.

మార్చవలసి వస్తే, పాతదాని మీద ఉన్న నంబరే కొత్తదాని మీదా ఉండాలి. బంపరు లోపలి వైపునుంచి చేయి పెట్టి కనెక్టరు ఊడదీసి, పట్టి ఉంచే క్లిప్పులను విప్పితే సెన్సారు బయటికి వస్తుంది. కొత్తదానికి రబ్బరు రింగు తొడిగి, బాణం గుర్తు ఉంటే అది పైకి ఉండేలా అమర్చాలి. బంపరు రంగు కలవాలని మందంగా పెయింటు పూస్తే కంపనం మందగిస్తుంది. బంపరంతా విప్పవలసిన కార్లను, గ్యారంటీ గడువు తీరని కార్లను మెకానిక్కుకు అప్పగించడమే మేలు.

బిగించాక ఒక అట్టపెట్టెను వెనుక అటూ ఇటూ జరుపుతూ పరీక్షించాలి. పిల్లలను నిలబెట్టి పరీక్షించడం మాత్రం ఎన్నడూ పనికిరాదు. సన్నని ఇనుప చువ్వ, నేలబారు రాయి, మెత్తని బట్ట ఈ చెవికి సరిగా వినిపించవు. బంపరు అంచున కూర్చున్న పసివాడు కూడా దానికి అందకపోవచ్చు. అందుకే రివర్సు వేసే ముందు దిగి, వెనక్కి ఒకసారి చూసి రావడం సెన్సారు చక్కగా పనిచేస్తున్నప్పుడు కూడా అవసరమే.