ఇన్వర్టర్‌కు ఏ బ్యాటరీ: సీల్డా, నీళ్లు పోసేదా?
అపోహలు – వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే సికింద్రాబాద్‌లో ఇన్వర్టర్ బ్యాటరీ కొనేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: సీల్డ్ తీసుకోవాలా, నీళ్లు పోసేదా? రెండింటిలోనూ ఉండేది సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లమే. నీళ్లు పోసేదాంట్లో ఆమ్లం ద్రవంగా ఉంటుంది. సీల్డ్‌లో గాజు పీచు పొరల్లో ఇంకిపోయో, జెల్‌లా గట్టిపడో ఉంటుంది. బ్యాటరీ పెట్టే చోటు, చూసుకునే మనిషి, ఛార్జ్ చేసే తీరు తెలిస్తే ఎంపిక కష్టం కాదు.

అపోహ: సీల్డ్ బ్యాటరీ నుంచి గ్యాస్ రాదు.
వాస్తవం: దానికీ వాల్వ్ ఉంటుంది. మామూలుగా లోపల పుట్టిన ఆక్సిజన్ అక్కడే తిరిగి నీరవుతుంది. ఛార్జింగ్ మితిమీరితే మాత్రం వాల్వ్ తెరుచుకుని గ్యాస్ బయటికి పోతుంది. అలా గ్యాస్‌గా పోయిన నీటిని మళ్లీ పోయలేం. నీళ్ల బ్యాటరీ నుంచి హైడ్రోజన్ మరింత ఎక్కువగా వస్తుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు. అందుకే ఏ బ్యాటరీనీ మూసిన అల్మారాలో పెట్టకూడదు. దేవుడి దీపానికీ, గ్యాస్ పొయ్యికీ దూరంగా ఉంచాలి.

అపోహ: నీళ్లు పోసే పని లేదు కాబట్టి సీల్డే ఎక్కువ కాలం మన్నుతుంది.
వాస్తవం: 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు లెడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్ల ట్యూబులర్ (గొట్టాల్లాంటి ప్లేట్లుండే) బ్యాటరీలో ద్రవం ఎక్కువ కాబట్టి వేడిని కాస్త తట్టుకుంటుంది. తగ్గిన నీళ్లు పోసుకోవచ్చు కూడా. సీల్డ్ లోలోపలే ఎండిపోతుంది.

అపోహ: సీల్డ్‌కు దమ్ము తక్కువ.
వాస్తవం: తక్కువేమీ కాదు. మన రైళ్లలో సొంతంగా కరెంటు తయారుచేసుకునే ఏసీ పెట్టెల కింద ఉండేవి 110 వోల్టుల, 1100 ఆంపియర్-అవర్ సీల్డ్ బ్యాటరీలే. కుదుపులకు ఆమ్లం ఒలకదు, వేల పెట్టెలకు నీళ్లు పోసే పనీ తప్పుతుంది.

అపోహ: నీళ్లు తగ్గితే ఆర్‌ఓ నీళ్లో, కొంచెం యాసిడో పోస్తే సరిపోతుంది.
వాస్తవం: ఆర్‌ఓ నీళ్లలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. తగ్గేది నీరే తప్ప ఆమ్లం కాదు. డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ ఛార్జ్ నిండాక, గుర్తు దాటకుండా. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంతవరకు ముందే పోయాలి.

అపోహ: ఇన్వర్టర్‌కు ఏ బ్యాటరీ తగిలించినా ఒకటే.
వాస్తవం: చాలా ఇన్వర్టర్లకు బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్ ఉంటుంది. 12 వోల్టుల సీల్డ్‌ బ్యాటరీకి ఫ్లోట్ వోల్టేజీ (ఛార్జ్ నిండాక నిలిపి ఉంచేది) సాధారణంగా 13.5–13.8 మధ్య ఉండాలి. నీళ్ల బ్యాటరీకి అప్పుడప్పుడు ఇచ్చే అధిక వోల్టేజీ ఛార్జింగ్‌ సీల్డ్‌ను చంపేస్తుంది. బ్యాటరీ మార్చిన రోజే ఆ స్విచ్ చూసుకోండి.

గాలాడే బాల్కనీ ఉండి, నెలకోసారి నీటిమట్టం చూసే మనిషి ఉంటే నీళ్ల ట్యూబులర్ తీసుకోండి. పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి, చల్లని గదికి, సరైన ఛార్జర్ ఉంటే సీల్డ్ మేలు. ఏది కొన్నా సగానికి మించి ఖాళీ చేయకండి. పాత బ్యాటరీని దుకాణంలోనే అప్పగించండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. సీసం పిల్లల మెదడుకు విషం, అది వీధి చెత్తలోకి చేరకూడదు.