యాక్సిలరేటరు మాట ఇంజను వినకపోతే?

2020 ఆగస్టులోను, 2023 జులైలోను వరంగల్, హన్మకొండలలో కుండపోత వానలు కురిశాయి. కాలనీలు నీట మునిగాయి. వాకిట్లో నిలిపిన వాహనాలలోకి నీరు చేరింది. నీరు తీసిన తర్వాత కారు పైకి ఆరినట్లే కనిపిస్తుంది. కాని తీగలు కలిసే చోట చేరిన తేమ అంత త్వరగా పోదు. అక్కడి లోహం మెల్లమెల్లగా చిలుము పడుతుంది.

అలాంటి కారొకటి కొన్ని వారాల తర్వాత హన్మకొండ చౌరస్తాలో ఉందనుకోండి. ఇంజను నడుస్తూనే ఉంటుంది. కాని యాక్సిలరేటరు ఎంత తొక్కినా వేగం పెరగదు! డ్రైవరు ముందున్న పలకమీద ఇంజను బొమ్మ పసుపురంగులో వెలుగుతుంది. ఏమయింది దానికి?

కాలు తెరిచేది గాలి దారిని

యాక్సిలరేటరు తొక్కితే పెట్రోలు ఎక్కువగా పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెట్రోలు కారులో మన కాలు తెరిచేది గాలి దారిని. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి గొట్టంలో గుండ్రని రేకు తలుపు ఒకటి ఉంటుంది. దీనినే 'థ్రాటిల్' అంటారు. అది ఎంత తెరుచుకుంటే అంత గాలి, దానికి తగినంత పెట్రోలు ఇంజనులోకి వెళతాయి.

పాత అంబాసిడర్ కారులో పెడల్ కదలికే నేరుగా ఈ తలుపును తెరిచేది. ఇప్పటి కార్లలో పెడల్‌కు, తలుపుకు మధ్య అలాంటి బంధం లేదు. పెడల్ దగ్గరున్న సెన్సారు 'ఇంత తొక్కారు' అని వోల్టేజి రూపంలో కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు ఒక చిన్న మోటారును తిప్పి తలుపు తెరుస్తుంది. ఆ తలుపు దగ్గర కూడా సెన్సార్లుంటాయి. అవి 'ఇంత తెరుచుకుంది' అని తిరిగి కబురు పంపుతాయి.

ఇద్దరు సాక్షులు

సెన్సారు తప్పు చెబితే? కారు తనంతట తాను దూసుకుపోవచ్చు గదా! అందుకే ప్రతి చోటా ఒకటి కాక రెండు సెన్సార్లు పెడతారు. చాలా కార్లలో పెడల్ దగ్గరి మొదటి సెన్సారు ఇచ్చే వోల్టేజి, రెండవదానికి రెట్టింపు ఉంటుంది. మొదటిది 2 వోల్టులయితే రెండవది 1 వోల్టు. ఈ నిష్పత్తి తప్పిందంటే ఇద్దరు సాక్షులలో ఒకరు అబద్ధం చెబుతున్నారన్నమాట.

ఎవరు చెబుతున్నారో కంప్యూటరుకు తెలియదు. కనుక అది సాహసం చేయదు. తలుపుకున్న స్ప్రింగు దానిని కొద్దిగా మాత్రమే తెరిచి ఉంచుతుంది. కారు నెమ్మదిగా పాకుతూ రోడ్డు పక్కకు చేరడానికి ఆ గాలి చాలు. అంటే చౌరస్తాలో కారు మొరాయించింది మనల్ని కాపాడడానికే!

దోషిని పట్టుకోవడం ఎలా?

స్టీరింగు కింది భాగంలో 16 కాళ్ళ సాకెట్ ఉంటుంది. మెకానిక్ దానికి స్కానర్ తగిలిస్తే 'పి 2138' వంటి సంకేతం కనిపిస్తుంది. పెడల్ దగ్గరి రెండు సెన్సార్ల మాట కలవడం లేదని దాని అర్థం. 'పెడల్ మార్చండి' అని మాత్రం కాదు. జ్వరం వచ్చిందని థర్మామీటరు చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. ఇదీ అంతే.

కారణం వెతకడానికి మీ పాఠంలోని ఓమ్ నియమం చాలు. సెన్సారులోని నిరోధం 5000 ఓములు, దానికి అందవలసింది 5 వోల్టులు అనుకుందాం. చిలుము వల్ల తీగ కలిసే చోట మరో 1250 ఓములు చేరాయి. మొత్తం నిరోధం 6250 ఓములు. ప్రవహించే విద్యుత్తు 5ను 6250తో భాగిస్తే 0.0008 ఆంపియర్లు. దానిని 1250తో గుణించండి. 1 వోల్టు! అంటే ఒక వోల్టును చిలుమే తినేసింది. సెన్సారుకు 4 వోల్టులే మిగిలాయి. ఇక 2 వోల్టులు చెప్పవలసిన చోట అది 1.6 అంటుంది. రెండవ సెన్సారు మాత్రం సరిగ్గా 1 వోల్టు అంటుంది. నిష్పత్తి తప్పింది.

కాబట్టి తెలివైన మెకానిక్ మొదట బ్యాటరీని చూస్తాడు. తర్వాత తాళం తిప్పి, ఇంజను నడపకుండా, మల్టీమీటరుతో కంప్యూటరు చివర, సెన్సారు చివర వోల్టేజి కొలుస్తాడు. అక్కడ 5, ఇక్కడ 4 ఉంటే దోషం దారిలో ఉంది. తీగనో, కనెక్టరునో బాగుచేస్తే సరి. రెండు చోట్లా 5 ఉండి కూడా నిష్పత్తి తప్పితే అప్పుడు సెన్సారును అనుమానించాలి. పెడల్ సంగతి సరిగ్గా ఉండి, తలుపే సరిగా కదలడం లేదని సంకేతం వస్తే అక్కడ మసి పేరుకుందేమో చూడాలి. ఈ క్రమం పాటించకపోతే మంచి సెన్సారును పారేసి, కొత్తదానికి వేల రూపాయలు పోయవలసి వస్తుంది. రోగం మాత్రం అలాగే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఆ రేకు తలుపులో ఎప్పుడూ వేలు పెట్టకండి. మోటారు ఒక్కసారిగా తిరిగితే వేలు నలిగిపోతుంది.

నేరం ఎప్పుడూ ఎలక్ట్రానిక్స్‌దేనా?

2009-10లో అమెరికాలో కొన్ని టయోటా కార్లు అదుపుతప్పి వేగంగా వెళుతున్నాయని పెద్ద అలజడి రేగింది. చాలామంది ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌నే అనుమానించారు. అంతరిక్ష సంస్థ నాసా ఇంజనీర్లు పరీక్షలు జరిపారు. ప్రమాదకరమైన వేగానికి కారణం కాగల ఎలక్ట్రానిక్ లోపం తమకు కనిపించలేదని 2011 ఫిబ్రవరిలో వెల్లడయింది. తేలిన కారణాలు రెండూ మామూలువే. ఒకటి, బిగుసుకుపోయే పెడల్. రెండవది, పెడల్‌ను పట్టేసిన కాలిపట్టా!

కారు అనుకోకుండా వేగం పుంజుకుంటే బ్రేకును గట్టిగా తొక్కిపట్టాలి. గేరును న్యూట్రల్‌లోకి తేవాలి. బండి నడుస్తుండగా స్టీరింగు తాళం పడేలా తాళంచెవి లాగకూడదు. ఈ మూడు మాటలూ ఇంట్లో బండి నడిపేవారికి చెప్పండి. వారి పాదాల కింద పట్టా జరిగి పెడల్‌కు తగులుతోందేమో కూడా చూడండి. ఈ పరీక్షకు స్కానర్ అక్కరలేదు, మీ కళ్ళు చాలు.