కారులో పాటతో పాటు వచ్చే ఆ ‘కుయ్’ ఎక్కడిది?

పోయిన దసరాకి మంచిర్యాల వెళ్లినప్పుడు అమ్మ ఒక మాట అంది. “మీ బాపు కారుల పాటలు పెట్టుడు బంద్ చేసిండు బిడ్డా.”

నాకు చివుక్కుమంది. ఎందుకంటే ఆ సెట్టు పెట్టించింది నేనే. మొదటి బోనస్‌తో 2014 మోడల్ హ్యాచ్‌బ్యాక్‌కి ఆండ్రాయిడ్ స్టీరియో, డోర్ స్పీకర్లు, సీటు కింద నాలుగు ఛానెళ్ల ఆంప్ వేయించా. పదహారు వేలు అయింది. బాపుని అడిగితే “ఏం లేదు రా, పాట నడుమ కుయ్ మని అంటది, తలనొస్తది” అన్నాడు. కొడుకు కొనిచ్చింది కదా, బాగాలేదని చెప్పడానికి మనసు రాలేదట.

కీ తిప్పి విన్నా. ఇంజన్ స్టార్ట్ చేయగానే సన్నటి ఈల. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పైకి పోతుంది, వదిలితే కిందికి వస్తుంది. నేను వినే డీజే పాటల్లో ఇది తెలియనే తెలియదు. బాపు వినేది ఘంటసాల పాత పాటలు. పల్లవికీ చరణానికీ మధ్య వీణో వేణువో ఒక్కటే మోగే చోట ఈ ఈల పాట మీద ఎక్కి కూర్చుంటుంది.

సెట్టు బిగించిన షాపుకి తీసుకెళ్తే రెండు నిమిషాలు విని “డైనమో వీకైంది తమ్మీ, మార్చాలె” అన్నారు. ఎనిమిది వేలు. కొలిచింది లేదు, చూసింది లేదు. సరే చూద్దాం అని ఇంటికొచ్చి మల్టీమీటర్ తీశా.

షాపు వాళ్లు పూర్తిగా తప్పు చెప్పారని కూడా అనలేను. ఈల పుట్టేది నిజంగా డైనమోలోనే, అంటే ఆల్టర్నేటర్‌లో. అది తయారుచేసేది మూడు ఫేజుల ఏసీ. లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి, కానీ పూర్తిగా నునుపు చేయలేవు. పైన చిన్న అలలు మిగిలిపోతాయి. లెక్క వేస్తే సరదాగా ఉంటుంది. ఐడిల్‌లో ఇంజన్ 800 ఆర్పీఎం అనుకోండి. పుల్లీ వల్ల ఆల్టర్నేటర్ దానికి సుమారు రెండున్నర రెట్లు, అంటే 2000 ఆర్పీఎం తిరుగుతుంది. సాధారణంగా ఉండే 12 పోళ్లతో అది 200 హెర్ట్జ్ ఏసీ. ఒక్కో సైకిల్‌కి ఆరు అలలు కాబట్టి 1200 హెర్ట్జ్. ఇంజన్ 2000 దాటితే 3000 హెర్ట్జ్. మనిషి చెవి బాగా పట్టేసే రేంజ్ సరిగ్గా అదే! అందుకే అంత చిన్న శబ్దం అంత చిరాకు పెడుతుంది.

బ్యాటరీ దగ్గర కొలిచా. ఇంజన్ ఆన్‌లో 14.1 వోల్టుల డీసీ. మీటర్‌ని ఏసీకి మార్చి చూస్తే 0.04 వోల్టు. డయోడ్ పోయి ఉంటే ఈ రెండో అంకె చాలా ఎక్కువ కనిపించాలి. అంటే డైనమో బాగానే ఉంది, ఎనిమిది వేలు మిగిలాయి. మరి అందులోని అలలు పాటలోకి ఎలా వస్తున్నాయి? అసలు ప్రశ్న అది.

మనం కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు ఏం చేస్తాం? సగానికి కోసి ఏ సగంలో ఉందో చూస్తాం. ఇక్కడా అదే పని. ముందు వాల్యూమ్ సున్నాకి తెచ్చా. ఈల తగ్గింది, కానీ పోలేదు. దీంతో అర్థమైంది, దొంగలు ఇద్దరున్నారు. వాల్యూమ్‌తో పాటు తగ్గేది స్టీరియో కంటే ముందు, అంటే ఫోన్ వైపు నుంచి వస్తోంది. సున్నాలో కూడా మిగిలేది స్టీరియో తర్వాత, ఆంప్ వైపు నుంచి.

మొదటి దొంగ వెంటనే దొరికాడు. బాపుకి బ్లూటూత్ మీద నమ్మకం లేదు. ఫోన్‌ని ఆక్స్ కేబుల్‌తో కలిపి, అదే ఫోన్‌కి లైటర్ సాకెట్ నుంచి చార్జింగ్ పెడతాడు. చార్జర్ పీకగానే సగం ఈల మాయం. ఫోన్‌కి చార్జర్ నుంచి ఒక ఎర్త్ దారి, ఆక్స్ నుంచి ఇంకో ఎర్త్ దారి, ఈ రెండూ కారులో వేర్వేరు చోట్ల బాడీని తాకుతాయి. ఆ రెండు చోట్ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు, ఆ కరెంటు ఆక్స్ కేబుల్ గుండా పారుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. బ్లూటూత్‌లో వైరే లేదు కాబట్టి ఈ దారిలో లూప్ కూడా లేదు. ఆక్స్ తప్పదంటే ఆన్‌లైన్‌లో రెండు మూడొందలకి గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ దొరుకుతుంది. లోపల ఉండేవి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లే. మరీ చవకవి బేస్ కొంచెం తినేస్తాయి, గుర్తుంచుకోండి.

(ఒకప్పుడు కాల్ వచ్చే ముందు స్పీకర్లో ‘డిట్ డిడిట్’ వినిపించేది గుర్తుందా? అది లూప్ కాదు, 2జీ ఫోన్ సెకనుకి 217 సార్లు సిగ్నల్ వదలడం. 4జీ మీద నడిచే ఫోన్లలో అది వినపడదు.)

రెండో దొంగ కోసం అరరోజు పట్టింది. అన్నీ ఆఫ్ చేసి, ఆంప్ నుంచి ఆర్సీఏ కేబుళ్లు పీకి, చార్జింగ్‌లో లేని నా ఫోన్‌ని నేరుగా ఆంప్‌కి కలిపా. ఈల లేదు. కాబట్టి ఆంప్ మంచిదే, స్టీరియోకీ ఆంప్‌కీ మధ్యే లూప్ ఉంది. కేబుళ్లు మళ్లీ పెట్టి, ఇంజన్ ఆన్‌లో, పాట గట్టిగా పెట్టి, ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య డీసీ కొలిచా. 0.38 వోల్టు! ఇది 0.1 కంటే తక్కువ ఉండాలి.

కార్పెట్ లేపితే తెలిసింది. ఆంప్ ఎర్త్ వైరుని సీటు బోల్టు కింద, పెయింట్ మీదే బిగించారు. లగ్గు చుట్టూ తుప్పు కూడా మొదలైంది. అక్కడ దారి సరిగ్గా లేక కరెంటు కొంత ఆర్సీఏ కేబుల్ పై తొడుగు గుండా, స్టీరియో ఎర్త్ వైపు పోతోంది. పాట ప్రయాణించే దారీ అదే కదా.

కానీ కార్పెట్ కింద ఇంకోటి చూసి గుండె జల్లుమంది. బ్యాటరీ నుంచి వచ్చే లావు ఎర్ర వైరుకి ఫ్యూజ్‌ని ఆంప్ పక్కన పెట్టారు. అంటే ఇంజన్ దగ్గర నుంచి సీటు దాకా వైరుకి ఏ కాపలా లేదు. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు రంధ్రంలో రబ్బరు బుష్ కూడా లేదు, వైరు తొడుగు అప్పటికే ఒరుసుకుపోయింది. ఇంకో ఏడాది మన బొగ్గు లారీల రోడ్ల మీద ఊగితే రాగి బయటపడేది. బ్యాటరీ వందల ఆంపియర్లు వదలగలదు, వైరు మండిపోతుంది. ఈల ఎంతగా విసిగించినా, ఇది చూపించింది కాబట్టి క్షమించేశా. మీ కారులో ఆంప్ ఉంటే నాయిస్ ఉన్నా లేకపోయినా ఈ ఫ్యూజ్ ఎక్కడుందో ఇవాళే చూడండి. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి.

బ్యాటరీ మైనస్ తీసేసి పని మొదలుపెట్టా. ఫ్యూజ్ ముందుకి మారింది, ఒరుసుకున్న ముక్క పోయి కొత్త వైరు వచ్చింది, బుష్ పడింది. ఎర్త్‌కి బాడీ మీద వేరే చోటు ఎంచుకుని, కింద పెట్రోల్ పైపు, బ్రేక్ పైపు లేవని చూసుకుని, ఎమ్రీ పేపర్‌తో మెరిసేదాకా పెయింట్ గీకి, కొత్త లగ్గుతో బిగించా. తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు. మళ్లీ కొలిస్తే 0.03. ఆంప్ గెయిన్ ఫుల్లులో ఉంటే దాన్నీ తగ్గించా. అది వాల్యూమ్ కాదు, అనవసరంగా పెంచితే పాటతో పాటు నాయిస్‌నీ పెంచుతుంది. సామాను ఖర్చు మొత్తం 640 రూపాయలు.

ఇవన్నీ చేసినా ఈల పోకపోతే ఆర్సీఏ పిన్ను బయటి రింగుని ఒక వైరు ముక్కతో స్టీరియో మెటల్ బాడీకి తాకించి చూడండి. ఈల ఆగితే స్టీరియో లోపలి చిన్న ఎర్త్ ఫ్యూజ్ పోయినట్టు. పవర్ ఆన్‌లో ఉండగా ఆర్సీఏ పీకి పెట్టడం వల్ల కొన్ని మోడళ్లలో అలా జరుగుతుంది.

మర్నాడు పొద్దున శ్రీరాంపూర్ మీదుగా ఇందారం దాటి గోదావరి వంతెన దాకా పోయొచ్చాం. ఫోన్ నేనే కలపబోతే బాపు లాక్కుని బ్లూటూత్ ఎక్కడుంటదని అడిగాడు. ఏసీ బ్లోవర్ మూడో నంబర్‌లో పెడితే సన్నటి గుర్రు ఇంకా ఉంది, అది మోటార్‌ది. దాన్నీ చూస్తా అంటే “నడువనియ్ రా, ఎండాకాలం దాంక బ్లోవర్ ఎవలు పెడ్తరు” అన్నాడు.