తొలకరికి ముందే టీకా
జబ్బవాపు నుండి పశురక్షణ

పశువులకు సోకు వ్యాధులలో జబ్బవాపు మిక్కిలి వేగముగ ప్రాణము తీయునది. నిన్న చక్కగా మేసిన దూడ నేడు కుంటును. తీవ్రమైన జ్వరము వచ్చును. తొడమీదనో జబ్బమీదనో వాపు కనిపించును. ఆ వాపును చేతితో అదిమినచో చిటచిటమను శబ్దము వినవచ్చును. పెక్కు పశువులు ఒకటి రెండు దినములలోనే మరణించును. ఆరు నెలలు మొదలు రెండేండ్ల వయస్సు గలిగి, పుష్టిగా పెరుగుచున్న పశువులే తరచుగా దీని వాతబడును. తొలిదశలో పెన్సిలిన్ కొంత ఉపకరించినను, వైద్యుడు వచ్చులోపలనే వ్యాధి ముదురుట పరిపాటి.

దీనికి కారణము క్లాస్ట్రీడియం జాతికి చెందిన సూక్ష్మజీవి. మనుష్యులకు ధనుర్వాతము కలిగించునదియు ఈ జాతిలోనిదే. ఇవి గట్టి కవచముగల సిద్ధబీజములుగా మారి నేలలో ఏండ్ల తరబడి నిలిచియుండును. గడ్డితోపాటు పశువు కడుపున చేరును. వర్షములకు, వరదలకు నేల కదలినప్పుడు ఈ బీజములు పైకి వచ్చును.

2023 జూలై 13వ తేదీన ఢిల్లీలో యమునానది నీటిమట్టము 208.66 మీటర్లకు చేరెను. తీరమందలి రైతులు పశువులను మెరకకు తోలుకొని పోవలసి వచ్చెను. అట్టి వేళ టీకాకై వెదకిన ప్రయోజనము స్వల్పము; టీకా వేసిన పిమ్మట రక్షణశక్తి కలుగుటకు రెండు మూడు వారములు పట్టును. యమునాతీరమునకైనను, గోదావరీతీరమునకైనను ఇదియే నియమము: వానలకు ముందే టీకా వేయింపవలెను.

ఈ టీకామందులో నుండునవి చంపబడిన సూక్ష్మజీవులు. కావున అది వ్యాధిని కలిగింపజాలదు. ఆరు నెలలు నిండిన దూడకు మొదటిసారి, పిమ్మట ఏటేట చర్మము క్రింద సూదివేయుదురు. వేసినచోట కొద్దిపాటి వాపు వచ్చినను భయపడ నక్కరలేదు. పశువుల టీకామందుల నాణ్యతను పరీక్షించుటకు ఢిల్లీ చేరువనున్న బాగ్‌పత్‌లో చౌధరీ చరణ్ సింగ్ జాతీయ పశు ఆరోగ్య సంస్థ కలదు.

హఠాత్తుగా చచ్చిన పశువును కోయరాదు, చర్మము ఒలువరాదు, మాంసము తినరాదు. కోసినచో బీజములు నేలను కలుషితము చేయును. అంతేకాక, ఆ మరణమునకు కారణము దొమ్మరోగమైనచో అది మనుష్యులకును సోకును. వెంటనే పశువైద్యునకు తెలిపి, ఆయన సలహా ప్రకారము లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను.

దూడను కోల్పోయిన రైతు రేపటి పాడిని కోల్పోయినట్లే. తొలకరికి ముందు వేయించు ఒక్క సూది ఆ నష్టమును తప్పించును.